లోపలి పార్లర్

సాయంత్రం షట్టర్ సగం దించాక పార్లరక్క మొదట అద్దాలు తుడుస్తుంది. ఊడవడం ఆ తర్వాత. కత్తిరించిన జుట్టు తెల్లారేదాకా నేల మీద పడున్నా ఎవరికీ ఏమీ కాదు. అద్దం తుడవకపోతే మాత్రం మర్నాడు పొద్దున్నే తగాదా. ఆ రోజు కుర్చీల్లో కూర్చుని లేచినవాళ్లంతా అద్దాల్లోనే ఉండిపోతారు కదా, పొడిగుడ్డతో పైనుంచి కిందికి తుడిస్తే తప్ప ఎవరిళ్ల అద్దాల్లోకి వాళ్లు వెళ్లరు. ఒకసారి మర్చిపోతే కాలేజీ లెక్చరర్ కాఫీ కూడా తాగకుండా వచ్చి మెట్ల మీద కూర్చుంది.

"ఏమ్మా, నన్నిక్కడే ఉంచేసుకున్నావా? మా ఇంటి అద్దంలో వెనకున్న గోడ కనపడుతోంది, నేను తప్ప. లిప్‌స్టిక్ మా ఆయనతో వేయించుకుని వచ్చాను. చూడు నా మొహం."

పార్లరక్క చూసింది. పెదాల కంటే మీసం ఉండాల్సిన చోటే ఎక్కువ ఎర్రగా ఉంది. "మీ ఆయన చెయ్యి బావుందండీ," అంటూ గుడ్డ అందుకుంది.

మందుల షాపు పైన ఆ గదిలో మూడు కుర్చీలు, గోడలోకి బిగించిన మూడు అద్దాలు. అందులో తుడిచేవి రెండే. కిటికీ పక్కనున్న మొదటి అద్దంలో అమ్మ ఉంటుంది.

పార్లర్ పెట్టింది అమ్మే. ఒక మధ్యాహ్నం తన కుర్చీలో తనే కూలబడి, నుదురు పట్టుకుని, "కాస్త తల తిరుగుతోందే," అంది. ఆస్పత్రికి తీసుకెళ్లారు. మనిషి తిరిగి రాలేదు. ఆ గొడవలో ఆ పూట అద్దాలెవరూ తుడవలేదు. ఏడవాల్సిన ఏడుపులు ఏడ్చాక గది తెరిస్తే, అమ్మ అద్దంలో నుదురు పట్టుకునే ఉంది. పార్లరక్క చెల్లెలు గుడ్డ తీసింది. అక్క ఆమె మణికట్టు పట్టుకుంది.

"అదొక్కటీ వద్దు."

అప్పటి నుంచీ అంతే. అమ్మ గొంతు వినపడదు, పెదాలు మాత్రం కదులుతాయి. వచ్చేవాళ్లు, "బాగున్నారా పెద్దమ్మా," అని పలకరిస్తారు. నచ్చినవాళ్లకు తల ఊపుతుంది, నచ్చనివాళ్లకు మొహం తిప్పుకుంటుంది. ఆ అద్దం అమ్మను తప్ప ఇంకెవరినీ పట్టి ఉంచదు. కష్టమైన తలలన్నీ పార్లరక్క దాని ముందే కూర్చోబెట్టుకుంటుంది. పాపిడి వెంట్రుకవాసి పక్కకి పోయినా అమ్మ నొసలు ముడిపడుతుంది. అప్పుడు దిద్దుకుంటుంది.

అమ్మ అప్పుడప్పుడూ మేకుకు వేలాడే పొడిగుడ్డ వైపు వేలు చూపిస్తూ ఉంటుంది. అలా చూపించినప్పుడల్లా పార్లరక్క లేచి వెళ్లి ఫ్యాన్ వేస్తుంది.

"అమ్మకు ఉక్కగా ఉన్నట్టుంది."

"ఆవిడ అడుగుతున్నది ఫ్యాన్ కాదక్కా," అంటుంది మూడో కుర్చీ దగ్గర పనిచేసే చెల్లెలు.

"నీకే తెలిసింది మరి. నోరు మూసుకుని ఆ కనుబొమ్మ చూడు, ఒకటి ఎగిరిపోతోంది."

ఇలా ఎన్నేళ్లయినా సాగేదే. ఎండలు ముదిరాక ఒకరోజు గది అద్దెకిచ్చిన ఇంటాయన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. ఖాళీ కుర్చీ చూపించినా కూర్చోలేదు. అద్దంలో ఉండిపోతానని ఆయనకు భయం.

"అమ్మాయ్, మా పిల్లలు ఈ గది అమ్మేయమంటున్నారు. వానలు మొదలయ్యేలోపు నువ్వు కొనుక్కుంటానంటే నీకే ఇస్తాను. లేదంటే జిమ్ పెడతానని ఒకడు తిరుగుతున్నాడు."

"జిమ్‌వాడికీ అద్దాలు కావాలిగా బాబాయ్. వీటిని ఉంచుకుంటాడా?"

"వాడు నిలువెత్తువి పెడతాడట. ఇవి పగలగొట్టి."

పార్లరక్క అద్దం వంక చూడలేదు. గోడ నుంచి ఊడదీసి పట్టుకుపోయే వీలుంటే ఇంత బాధ లేదు. ఒకప్పుడు రెండో అద్దానికి చెక్క మారుద్దామని ఊడదీస్తే వట్టి గాజు మిగిలింది. దాన్ని మళ్లీ గోడలో పెట్టి, అది మళ్లీ మనుషుల్ని పట్టడం నేర్చుకునేసరికి ఏడాది పట్టింది. గది పోతే అమ్మ పోయినట్టే. పార్లరక్క దాచుకున్న డబ్బు గదిలో సగానికి సరిపోతుంది. సగం గది ఎవరూ అమ్మరు.

సరిగ్గా ఆ వారమే మరిది నోరు తెరిచాడు. చెల్లెలి మొగుడికి వీధి చివర ఫోన్ల అద్దాలు మార్చే షాపుంది. పగిలిన ఫోన్లు ఒకవైపు, తను ఒకవైపు, మధ్యలో ఎప్పుడూ ఏదో ఒక కొత్త వ్యాపారం. ఈసారిది భూమి.

"ఎక్కడయ్యా భూమి?"

"లోపల వదినా." కళ్లకు పెట్టుకుని ఆన్‌లైన్ లోకాన్ని చూసే నల్లటి డబ్బా చూపించాడు. "పెద్ద పెద్దవాళ్లంతా కొంటున్నారు. రోడ్లు వేసేశారు, ఫౌంటెన్ కట్టేశారు. మన డబ్బు వాళ్ల నాణేల్లోకి మార్చుకోవడం, ప్లాట్ కొనుక్కోవడం, జనం పెరిగాక అమ్ముకోవడం. వానలు పడేలోపు నీ గది నీదే."

"మట్టి లేని భూమిని రిజిస్టర్ ఎవడు చేస్తాడు?"

"ఎవడూ చెయ్యడు. అందుకే ఎవడూ మార్చలేడు."

ఆ మాట ఆమెకు బాగా తెలివైన మాటలా వినిపించింది. "మా ఆయన మాట విని మా ఇంట్లో ఫ్రిజ్ పోయిందక్కా," అని చెల్లెలు చెబుతున్నా, దాచుకున్నదంతా తెచ్చి మరిది చేతిలో పెట్టింది. ఫౌంటెన్ పక్క మూల ప్లాటే కావాలని మాత్రం గట్టిగా చెప్పింది. ఎక్కడైనా మూల ప్లాట్‌కే ధర ఎక్కువని ఆమెకు తెలుసు.

కొన్నాక డబ్బా పెట్టుకుని చూసుకుంది. తళతళలాడే రోడ్లు. దుమ్ము లేని గాలి. కనుచూపు మేర 'అమ్మకానికి' అని బోర్డులు. ఫౌంటెన్ ఎవరి కోసమో తెలీకుండా చిమ్ముకుంటోంది. మనిషన్న వాసన లేదు.

"శ్మశానంలో ఇంతకంటే సందడి ఉంటుంది కదయ్యా," అంది డబ్బా తీసి.

"జనం రావాలి వదినా. ప్లాట్ మీద ఎంతమంది తిరిగితే దానికంత ధర."

జనం రాలేదు. ధర పడింది. మరిది రోజూ పార్లర్‌కు వచ్చి, ఫోన్ చూసుకుని, నాలుక చప్పరించుకుని వెళ్లేవాడు. ఒకరోజు అలాగే వచ్చి, ప్లాట్ మూయడం, కెమెరా ఆపడం మర్చిపోయి, ఫోన్‌ను రెండో అద్దం ముందు అరలో ఛార్జింగ్‌కు పెట్టాడు. తీసి చూసుకునేసరికి ప్లాట్ మీద బ్యాంకు ఆవిడ నడుస్తోంది. పొద్దున తలకు రంగు వేయించుకుంటుంటే అద్దంలో ఉండిపోయిన ఆవిడ. నెత్తి మీద ప్లాస్టిక్ టోపీ, మెడ చుట్టూ తువ్వాలు. ఫౌంటెన్ ముందు నిలబడి ఎవరినో పిలుస్తోంది.

ఫోన్ కన్ను ఎదురుగా పెడితే చాలు, అద్దంలో ఉన్నవాళ్లు లోపలికి వెళ్లిపోతున్నారు. వెనక్కి తేవాలన్నా కష్టం లేదు. వాళ్లని ఫోన్‌లో చూపిస్తూ అద్దం ముందు పట్టుకుని గుడ్డతో తుడిస్తే వచ్చేస్తారు. మరిది ఈ సంగతి చెప్పినప్పుడు పార్లరక్క చేతిలో ఆ గుడ్డే ఉంది. దాన్ని మడిచి డ్రాయర్‌లో పెట్టింది.

వారం తిరక్కుండా వీధిలో సగం మంది ఆడవాళ్లకు ఇంటి అద్దాల్లో మొహాలు లేకుండా పోయాయి.

"తుడుస్తున్నానండీ, కాస్త ఆలస్యమవుతోంది," అని చెప్పేది పార్లరక్క. "గాజు పాతదైపోయింది. వచ్చేస్తారు."

"అందాకా నేనెలా ఉన్నానో నాకెలా తెలుస్తుంది?" బ్యాంకు ఆవిడ ఏడుపు మొహంతో అడిగింది.

"నేనున్నానుగా చెప్పడానికి. బాగున్నారు. ఇక్కడే, బుగ్గల దగ్గర కాస్త వాడింది."

"వాడిందా?"

"బాగా."

ఆవిడ ఆ పూటే ఫేషియల్‌కు కూర్చుంది. లెక్చరరైతే రోజూ కాలేజీకి వెళ్లే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి వచ్చి తన మొహం గురించి తెలుసుకుని వెళ్లేది. పార్లరక్క నిజం చెప్పాల్సిన పనేమీ లేదు. గిరాకీ తక్కువున్న రోజున ముడతలు ఎక్కువ చెప్పేది.

"ఉసురు తగులుతుందక్కా," అంది చెల్లెలు.

"తగలనీ. గది నా పేరు మీదయ్యాక తగలనీ."

అయినా ప్లాట్ ధర అనుకున్నంత పెరగలేదు. వెళ్లినవాళ్లు నిలవడం లేదు. తడి జుట్టుతో, సగం కత్తిరించిన తలలతో, పూర్తి చేసేవాళ్లెవరైనా దొరుకుతారేమోనని పక్క ప్లాట్లలోకి వెళ్లిపోతున్నారు.

"నిలబెట్టేది ఏదో ఒకటుండాలి వదినా," అన్నాడు మరిది. "లోపల పార్లర్ కట్టాను. కుర్చీలు పెట్టాను, దువ్వెనలు పెట్టాను. పనిచేసే మనిషి లేదు."

అంటూ మొదటి అద్దం వైపు చూశాడు. అద్దంలోంచి అత్తగారు అతని వైపు చూసింది. ఆవిడకు అల్లుడెప్పుడూ నచ్చలేదు.

"అటు చూడకు," అంది పార్లరక్క. తను మాత్రం చూసింది.

ఆ సాయంత్రం చెల్లెలు వెళ్లాక అద్దం ముందు స్టూలేసుకుని కూర్చుంది. "అమ్మా, కొన్నాళ్లే. గది మనదయ్యాక మళ్లీ తెచ్చేసుకుంటాను. జిమ్‌వాడొస్తే నిన్ను ముక్కలు చేస్తాడు. అది బావుంటుందా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. పెదాలు "రాను" అన్నాయి. గుడ్డ ఉండే మేకు వైపు చూపించింది. మేకు ఖాళీగా ఉంది. అమ్మ వేలు అలాగే చాచి ఉంచింది. పార్లరక్క ఫ్యాన్ వేసి ఇంటికెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం చెల్లెల్ని అమ్మ కుర్చీలో కూర్చోబెట్టి, తల నున్నగా దువ్వి, కావాలనే పాపిడి పక్కకి తీసింది.

"అమ్మా, ఒకసారి చూడు. వంకర పోయిందా?"

అమ్మ చూడకూడదనే అనుకుని ఉంటుంది. మొహం తిప్పుకుని కూర్చుంది కూడా. కానీ బతికున్నన్నాళ్లూ వంకర పాపిడిని వదిలేసిన మనిషి కాదు, చచ్చిపోయి మాత్రం ఎలా వదులుతుంది? నెమ్మదిగా తిరిగింది. నొసలు ముడేసింది. ఇంకాస్త ముందుకు, గాజు అంచు దాకా వంగింది. కుర్చీ వెనక గొంతుక్కూర్చున్న మరిది చెల్లెలి భుజం మీంచి ఫోన్ పైకెత్తాడు.

అద్దంలో చెల్లెలొక్కతే మిగిలింది.

"ఎంత పని చేశావే!" అంది చెల్లెలు.

"వచ్చేశారు వదినా! దువ్వెన కూడా పట్టేసుకున్నారు!" అప్పటికే మరిది గంతులేస్తున్నాడు. "చూడు, చూడు, బ్యాంకావిడ టోపీ తీయించుకుంటోంది!"

ఆ తర్వాత ప్లాట్‌కు పట్టపగ్గాలు లేవు. ముందు వీధిలోవాళ్ల తలలు అయ్యాయి. వాళ్ల వెనక, ఏ దేశాల నుంచో డబ్బాలు పెట్టుకుని వచ్చే ముక్కూ మొహం తెలియని జనం వరస కట్టారు. లోపల ఎక్కడా అలా మనిషి చెయ్యి పెట్టి తల దువ్వేవాళ్లు లేరట. అమ్మ దువ్వి పంపిన తలలు లోపలి గాలికి కూడా చెదరవట. ఫౌంటెన్ చుట్టూ మెలికలు తిరిగి లైను. పక్క ప్లాట్లవాళ్లు టీ కొట్లు పెట్టుకున్నారు, తాగలేని టీకి. ఒక కంపెనీ అడగడం మొదలుపెట్టింది. వానలకింకా సమయముండగానే వాళ్లు చెప్పిన ధరకు గది కొనుక్కోవడమే కాదు, మందుల షాపు కూడా అడగొచ్చు.

"నడుస్తున్న పార్లర్‌తో సహా ఇవ్వాలంటున్నారు," అన్నాడు మరిది. "తీసుకున్నాక షట్టర్ వెయ్యరట. పగలూ రాత్రీ నడుపుతారట."

"పార్లర్ ఇద్దాం. అమ్మను ముందు తెచ్చుకుంటాను," అంది పార్లరక్క.

ఈసారి చెప్పి తెచ్చుకుందామని రెండో కుర్చీలో కూర్చుని ఫోన్‌ను అద్దానికి ఎదురుగా పట్టుకుంది. అద్దంలో తను పోయి, లోపల నిలబడింది. డబ్బా పెట్టుకుని చూసుకుంటే వరస చివర ఉంది. సొంత ప్లాట్‌లో సొంత తల్లి దగ్గరికి వెళ్లడానికి ముందున్నవాళ్లు దారివ్వలేదు. "మేం పొద్దుట్నుంచీ ఉన్నాం," అని కసిరారు. నిలబడింది.

"తర్వాత ఎవరమ్మా?"

గొంతు. అంతకాలం వినపడని గొంతు, అదే బొంగురు, అదే విసుగు. పార్లరక్క వెళ్లి కూర్చుంది. ఆమె జుట్టు విప్పి రెండు పాయలు చేసింది అమ్మ.

"అమ్మా, నేను."

"తెలుసు. తల కదపకు."

"పద, వెళ్దాం. ప్లాట్ అమ్మేస్తున్నాం. ఇంటికెళ్దాం."

"ఏ ఇంటికి? ఆ గోడలోకా?"

"అక్కడ నేనుంటానుగా."

"నువ్వే ఉంటావు. పొద్దున షట్టర్ తీసినప్పట్నుంచీ నిన్నే చూడాలి, దించేదాకా నిన్నే చూడాలి. నన్ను పంపించెయ్యమని గుడ్డ చూపిస్తే ఫ్యాన్ వేశావు. తలుపు చూపిస్తే కర్టెన్ మార్చావు. నేనేం అడుగుతున్నానో నీకు తెలీదూ?"

పార్లరక్కకు మొదట్నుంచీ తెలుసు.

"చిన్నది మొదటిరోజే గుడ్డ తీసింది," అంది అమ్మ, చకచకా జడ అల్లుతూ. "దాని మనసూ చక్కనిదే, చెయ్యీ చక్కనిదే. దానికి పక్కన నిలబడి చెప్పక్కర్లేదు. నీకు పాపిడి తీయడం ఎన్నేళ్లు నేర్పాను? రాలేదు. నేను కనుబొమ్మ ఎగరేస్తే దిద్దుకోవడం వచ్చింది, అంతే."

"అమ్మా!"

"ఉన్నమాట. ఇక్కడ నాకు కాళ్లు లాగవు. కొత్త మొహాలొస్తున్నాయి. నేను రాను. జడ సగంలో ఉంది, ఉంటే ఉండు, పోతే పో." అని వరస వైపు చూసి, చాలా ముద్దుగా, "ఒక్క నిమిషం ఆగమ్మా, అయిపోయింది," అంది ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్లతో.

పగలూ రాత్రీ షట్టర్ వెయ్యరన్న సంగతి పార్లరక్క నాలుక చివరి దాకా వచ్చింది. కాళ్లు లాగకపోయినా, వరస ఎప్పటికీ తరగకపోతే ఎలా ఉంటుందో ఆవిడకు చెప్పాలి. చెప్పలేదు. డబ్బా లాగి పారేసింది.

"ఏమందక్కా?" చెల్లెలు అడిగింది.

"అక్కడే ఉంటుందట."

"మరి అత్తయ్యని..." మరిది నసిగాడు. "కంపెనీవాళ్లు కాసుక్కూర్చున్నారు వదినా. నాణెం ధర పడుతోంది. ఇప్పుడు నొక్కకపోతే రేపటికి సగమే."

"ఉన్నది ఉన్నట్టు ఇచ్చెయ్."

"అత్తయ్యతో సహానా?"

"చెవుడా? ఉన్నది ఉన్నట్టు. నొక్కు."

"ఆగండి!" చెల్లెలు అరిచింది. "అక్క ఇంకా లోపల కుర్చీలోనే ఉంది! అద్దం తుడవలేదు..."

మరిది వేలు అప్పటికే నొక్కేసింది.

గది రిజిస్టరైంది. జిమ్‌వాడు వేరే వీధికి పోయాడు. పార్లరక్క సొంత గదిలో, సొంత కుర్చీలో కూర్చుని మొదటి అద్దంలోకి చూసింది. కుర్చీ, కర్టెన్, కిటికీ కనిపించాయి. రెండో అద్దంలో కూడా అంతే. మూడోదాంట్లో కూడా అంతే. గుడ్డతో మూడూ తుడిచింది. గాజు మెరిసింది.

అమ్మకంలో వీధిలోవాళ్ల మొహాలు కూడా పోయాయి. కంపెనీవాళ్లకు ఉత్తరాలు రాస్తే, వచ్చి తిరిగే జనం ప్లాట్‌లో భాగమని జవాబిచ్చారు. దాంతో పార్లర్‌కు తిరుగులేదు. పొద్దున్నే మెట్ల మీద బారులు తీరి, "నేనెలా ఉన్నాను, నేనెలా ఉన్నాను," అని అడుగుతారు. పార్లరక్క చెబుతుంది. తన సంగతి మాత్రం చెల్లెల్ని అడగాలి.

"నా తల ఎలా ఉందే?"

"బాగుంది," అంటుంది చెల్లెలు, ఇటు చూడకుండానే.

ప్లాట్ కంపెనీ చేతికి వెళ్లాక లోపలికి తొంగి చూడాలన్నా మొహం కావాలి, పార్లరక్కకు అది లేదు. చెల్లెలికి ఉంది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆమె ఫోన్‌ను మూడో అద్దం ముందు పట్టుకుని, డబ్బా పెట్టుకుని, అమ్మను చూడ్డానికి వెళ్తుంది. మొదటి రోజు అన్నీ చెప్పింది.

"నువ్వు కుర్చీలోంచి లేచేశావక్కా. అమ్మ పక్కన నిలబడి పని చేస్తున్నావు. జడ మాత్రం సగంలోనే ఉంది."

"అమ్మ ఏమంటోంది?"

"తిడుతోంది."

"తిడుతోందా?" పార్లరక్కకు ప్రాణం లేచొచ్చింది. "ఏమని?"

"ఎప్పటిలాగే. పాపిడి."

కొన్నాళ్లకు తిట్లు తగ్గాయంది చెల్లెలు. తర్వాత అక్కడి అక్కకు చెయ్యి కుదురుతోందంది. ఆ తర్వాత చెప్పడం తగ్గించింది. అడిగితే, "ఏముందక్కా, పని," అని డబ్బా తుడిచి పక్కన పెట్టేది. మొదట్లో అమ్మను అమ్మినందుకు మొహం ముడుచుకుని ఉండేది గదా, ఇప్పుడది కూడా లేదు. అసలు ఇక్కడున్నట్టే ఉండేది కాదు.

వానలు దంచికొడుతున్న ఒక మధ్యాహ్నం గిరాకీ లేదు. చెల్లెలు మూడో కుర్చీలో వెనక్కి వాలి, డబ్బా పెట్టుకుని, మెల్లగా నవ్వింది. మళ్లీ నవ్వింది. ఈసారి కడుపు పట్టుకుని.

"ఏమిటే? ఏమంది అమ్మ?"

చెల్లెలు చెయ్యెత్తి ఆగమంది. లోపల ఎవరి మాటనో వింటున్నట్టు తల ఒక పక్కకి వంచి, "అబ్బ, ఊరుకోవే అక్కా!" అని పకపకా నవ్వింది.

పార్లరక్క దువ్వెన పట్టుకుని దగ్గరికి వచ్చింది. డబ్బా అంచుల్లోంచి సన్నటి వెలుతురు చెల్లెలి బుగ్గల మీద కదులుతోంది. చెవి ఆనించి వినబోయింది. ఏమీ వినపడలేదు.

"నేనేమన్నానే?" అని అడిగింది.

లోపల ముగ్గురూ నవ్వుకుంటున్నారు. చెల్లెలు వినలేదు.